క్లాసుల్లో ఏఐ కెమెరాలు ఎందుకు వద్దన్నామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్ట్ పేపర్లు సోమవారం పిల్లలతో పంపిస్తాం, చూసి సంతకం పెట్టి పంపండి. మిగతా ఉత్తరమంతా ఒక్క విషయం మీదే రాస్తున్నా, ఎందుకంటే గేటు దగ్గర చాలామంది అడుగుతున్నారు, వేరే స్కూల్లో పెట్టారంట కదా సార్ మనం ఎప్పుడు పెడతాం అని.

ఒక కంపెనీ వాళ్ళొచ్చి ప్రతి క్లాసులో ఏఐ కెమెరా పెడతామన్నారు. అటెండెన్స్ అదే వేసేసుకుంటుందంట, అంతే కాదు ఎవరు పాఠం వింటున్నారు ఎవరు దిక్కులు చూస్తున్నారు అనేది మొహాన్ని బట్టి లెక్కేసి సాయంత్రానికి మీ ఫోన్‌కి స్కోరు పంపిస్తుందంట. మేం వద్దని చెప్పేశాం.

కిటికీలోంచి బయటకి చూసే పిల్ల లెక్క గురించే ఆలోచిస్తుండొచ్చు, బోర్డు వైపు కళ్ళార్పకుండా చూసేవాడు పొద్దున టిఫిన్ తినకుండా వచ్చి నీరసంగా ఉండి ఉండొచ్చు, ఇది పక్కన కూర్చుని అడిగే టీచర్‌కి తెలుస్తుంది గానీ కెమెరాకి ఎలా తెలుస్తుంది? యూరోపియన్ యూనియన్ వాళ్ళైతే స్కూళ్ళలో ఇలా మొహం చూసి భావాలు అంచనా వేసే ఏఐని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు, వైద్యం, భద్రత లాంటి అవసరాలకి మాత్రమే మినహాయింపు. ఇంకోటి, 2018లో అమెరికాలో జాయ్ బులామ్‌విని, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు పరిశోధకులు మొహం చూసి ఆడా మగా చెప్పే ప్రోగ్రాముల్ని పరీక్షిస్తే తెల్లగా ఉన్న మగవాళ్ళ విషయంలో తప్పులు 1 శాతం కూడా లేవు, నల్లగా ఉన్న ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఒక ప్రోగ్రాం దాదాపు 35 శాతం తప్పు చెప్పింది. గుంటూరు ఎండలో ఆడుకునే మన ఆడపిల్లల్ని అలాంటి దాని చేతికి ఇవ్వమంటారా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇంగ్లండ్‌లో జరిగింది. 2020లో కరోనా వల్ల పరీక్షలు రద్దయితే టీచర్లిచ్చిన గ్రేడ్లని ఒక ఫార్ములాతో సరిచేశారు, అది ఏఐ కూడా కాదు, ఆ స్కూల్లో అంతకుముందు ఏళ్ళ రిజల్ట్స్ ఎలా ఉన్నాయో చూసి వేసిన లెక్క. దాదాపు 40 శాతం గ్రేడ్లు తగ్గిపోయాయి. ఎప్పుడూ గొప్ప రిజల్ట్స్ రాని స్కూల్లో ఒక్కడు బాగా చదివినా వాడి కష్టానికి విలువ లేకుండా పోయింది, ఎవర్ని అడగాలో తెలీక పిల్లలు రోడ్డెక్కారు, నాలుగు రోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గి టీచర్ల గ్రేడ్లే ఇచ్చింది. అరండల్‌పేట నుంచి బ్రాడీపేట దాకా ర్యాంకుల ఫ్లెక్సీల మధ్య పెరిగే మన పిల్లలకి ఇంకో స్కోరు, అదీ ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేని స్కోరు అవసరమా? మా టీచర్ ఒక మార్కు తగ్గిస్తే మీరొచ్చి ఎందుకమ్మా అని నిలదీయొచ్చు, ఆ హక్కు మీకు ఉండి తీరాలి.

అలాగని ఏఐ అంటేనే వద్దనట్లేదు. రోబోటిక్స్ క్లబ్ నడుస్తూనే ఉంటుంది, టీచర్లు వర్క్‌షీట్ల కోసం చాట్‌బాట్ వాడుకుంటున్నారు, పేపర్లు మాత్రం చేత్తోనే దిద్దుతారు.

మీకో రిక్వెస్ట్. పిల్లల ఫొటోలు, ప్రోగ్రెస్ కార్డులు తెలీని యాప్‌లలో పెట్టకండి, పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023లో మన దేశంలో చట్టం కూడా వచ్చింది, కాబట్టి ఏ యాప్‌లోనైనా ఓకే నొక్కేముందు చదవండి. రాత్రిళ్ళు పిల్లలు చాట్‌బాట్‌ని ఏం అడుగుతున్నారో, తిట్టకుండా, కూర్చుని అడగండి.

కెమెరాలు ఉండాల్సిందే అనుకునేవాళ్ళు కూడా మీలో ఉంటారు. శనివారం మధ్యాహ్నం 3 తర్వాత ఆఫీసులోనే ఉంటాను, రండి, మాట్లాడుకుందాం.

మీ
హెడ్‌మాస్టర్