పురుగుల భ్రమకూ వైద్యం ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఒంటిమీద పురుగులు పాకుతున్నాయని గట్టిగా నమ్మి, గోకగా ఊడిన పక్కులను, దారపు పోగులను అగ్గిపెట్టెలో దాచి తెచ్చి చర్మవైద్యుడికి రుజువుగా చూపించే రోగుల బాధ నటన కాదు. స్వీడన్ నాడీవైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ 1938లోనే వివరించిన ఈ భ్రమను ఇంట్లోవాళ్లు చాదస్తమని కసురుకోవడం, రోగి కిరోసిన్ పూసుకుని చర్మం కాల్చుకోవడం చాలా బాధాకరం. గజ్జి, పేలు లేవని ముందుగా పరీక్షించి తేల్చాలి. బీ12 విటమిన్ లోపం, మత్తుపదార్థాల వాడకం వల్ల కూడా ఇలా అనిపించవచ్చు. అవేవీ కానప్పుడు మానసిక వైద్యులు రాసే రిస్పెరిడోన్ వంటి మందులతో చాలామందికి ఉపశమనం కలుగుతుంది. అయితే మానసిక వైద్యుడి పేరెత్తగానే ఎంతోమంది రోగులు మళ్లీ ఆసుపత్రి గడప తొక్కరు. అందుకే ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మ, మానసిక వైద్యులిద్దరూ ఒకే గదిలో కూర్చుని చూసే ఓపీని వారానికి ఒక్కరోజైనా నడపాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, వరంగల్