సిమ్ రౌటర్ బ్రాడ్‌బ్యాండ్‌పై ఫిర్యాదు: తెరవకుండానే మూసేస్తున్న టికెట్ల గురించి

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా / అమ్మా,

రౌటర్ మోడల్, సీరియల్ నంబర్, ప్లాన్ పేరు ఇక్కడ మళ్లీ రాయడం లేదు. మీ దగ్గరున్న ప్రతి టికెట్లోనూ అవి ఉన్నాయి. మీవాళ్లు ఫోన్ ఎత్తగానే అడిగేవి అవే, "ఇంకేమైనా సహాయం కావాలా" అనే ముందు సరిచూసుకునేవీ అవే. మధ్యలో చెప్పిన అసలు సంగతి మాత్రం ఏ టికెట్లోనూ ఎక్కలేదు. అన్నిటిలోనూ ఒకటే ముక్క: "నెట్ స్లో. కస్టమర్‌కు సూచనలు ఇవ్వడమైనది."

నెట్ నెమ్మదించినందుకు ఈ ఉత్తరం రాయడం లేదు. టవర్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చెడుతుంది, ఎవరో వెళ్లి బాగు చేస్తారు. ఎక్కడ చెడిందో కూడా వెతికిపెట్టి చెబుతుంటే, రాసుకునే ఓపిక కూడా మీ సంస్థలో ఎవరికీ లేకపోయిందే, దాని గురించి రాస్తున్నాను.

సంగతి ఇంతే. ఈ రౌటర్ మొదటినుంచీ 1800 మెగాహెర్ట్జ్ మీద, అంటే బ్యాండ్ 3లో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న సెల్‌తో పనిచేసేది. సెల్ అంటే టవర్ మీద ఒక బ్యాండ్‌లో ఒక దిక్కుకు సేవ ఇచ్చే భాగం, వెడల్పు ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ డేటా పడుతుంది. ఇప్పుడు 850కి, బ్యాండ్ 5కి దిగిపోయింది. అక్కడ వెడల్పు 5 మెగాహెర్ట్జ్. రౌటర్ పేజీలో కనిపించే సెల్ ఐడీని 256తో భాగిస్తే వచ్చే టవర్ నంబర్ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. శేషం, అంటే ఆ టవర్ మీద ఏ సెల్లో చెప్పే అంకె, మాత్రం మారింది. టవర్ అదే, నడుస్తున్నదీ అదే, దాని మీద 1800 సెల్ ఒక్కటే కనిపించడం లేదు. సెట్టింగ్స్‌లో బ్యాండ్ 3 ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేస్తే, రౌటర్ ఎక్కడో దూరంగా ఉన్న వేరే టవర్‌ని పట్టుకుంటోంది. అక్కడ ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) మైనస్ 118, ఎస్‌ఐఎన్‌ఆర్ (సిగ్నల్ శుభ్రత) సున్నాకి కింద, అంటే రెండూ అధ్వానం. మీ నెట్‌వర్క్ విభాగంలో ఆ టవర్ నంబర్ కొట్టి చూసే మనిషికి ఇది రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాల పని చేయకుండా ఉండటానికి మీవాళ్లు పడ్డ శ్రమ మాత్రం మెచ్చుకోవాలి.

అందరి మొదటి మందూ రీసెట్. రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కమంటారు. అలా నొక్కితే ఏం పోతుందో చెప్పినవారు ఒక్కరూ లేరు. వైఫై పేరు, పాస్‌వర్డ్ పోతాయి. బ్యాండ్ ఎంపిక పోతుంది. ఏపీఎన్, అంటే సిమ్ ఏ దారిలో ఇంటర్నెట్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్, పోతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌కి మీరే ఇచ్చిన ఏపీఎన్ చెరిగిపోయి, ఫోన్లకు వాడే మామూలు ఏపీఎన్ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు లైట్లన్నీ పచ్చగానే వెలుగుతాయి, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, పేజీ ఒక్కటీ తెరుచుకోదు. దాంతో తర్వాత ఫోన్ ఎత్తిన ఏజెంట్ "స్లో అన్నారు కదా, ఇప్పుడు అసలే రావట్లేదా? అయితే సిమ్ పోయినట్టుంది" అని కొత్త టికెట్ తెరుస్తారు. పాతది మూసేస్తారు. వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది.

రీసెట్ అయ్యాక ఇంకొక పెద్దమనిషి లాగ్ పంపమన్నారు. రౌటర్ ఎప్పుడు ఏ సెల్ వదిలి ఏ సెల్‌కి వెళ్లిందో అందులో ఉంటుంది, నిజంగా పనికొచ్చే ప్రశ్నే. కానీ లాగ్‌ని చెరిపేసిందే మీ రీసెట్. ఆ మాట చెబితే కాసేపు మౌనం, ఆపైన మీ సంస్థ ప్రకటనల పాట, ఆపైన లైన్ కట్.

గీతల సంగతి చూద్దాం. "మీకు సిగ్నల్ ఫుల్‌గా ఉంది సార్, మా వైపు సమస్య లేదు." ఎంతో నమ్మకంగా చెబుతారు. రౌటర్ మీద గీతలు ప్రధానంగా చెప్పేది టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందన్నది. ఆ బలం ఆర్‌ఎస్‌ఆర్‌పీ. ఇక్కడ మైనస్ 82 దగ్గర ఉంది, చాలా బాగున్నట్టే. కానీ పక్క సెల్‌ల రొదలోంచి ఆ సిగ్నల్ ఎంత శుభ్రంగా వస్తోందో చెప్పేది ఎస్‌ఐఎన్‌ఆర్. 20 దాటితే బ్రహ్మాండం, 13 పైన ఉంటే మంచిది, సున్నా చేరువకు వచ్చిందంటే నెట్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. సాయంత్రాలు ఇక్కడ అది 2కి పడిపోతోంది. పైగా 5 మెగాహెర్ట్జ్ వెడల్పులో, మామూలు రెండు యాంటెన్నాల పద్ధతిలో, కాగితం మీద వచ్చే గరిష్ఠ వేగమే సెకనుకి 37 మెగాబిట్లు. అదీ ఒక్కరికి కాదు, ఆ సెల్ మీద ఉన్న అందరికీ కలిపి. 20 మెగాహెర్ట్జ్‌లో అదే లెక్క 150. ఈ అంకెలు చదివి వినిపిస్తే మీ ఏజెంట్ అడిగిన ప్రశ్న: "సార్, గీతలు ఎన్ని ఉన్నాయి?"

వైఫై మీదికి నెట్టడం ఇంకో ఆనవాయితీ. రౌటర్ దగ్గరగా కూర్చోమంటారు, 5 గిగాహెర్ట్జ్‌కి మారమంటారు, గోడలు అడ్డమంటారు. పరీక్షలన్నీ ల్యాన్ కేబుల్ పెట్టి, వైఫై ఆపేసి చేసినవని మొదటి టికెట్లోనే చెప్పాను. టికెట్లో మాత్రం "కస్టమర్ వైఫై పరిధిలో లేరు" అని ఉంది.

రౌటర్‌ని కిటికీ దగ్గరకు జరపమన్నారు, అది ముందే అక్కడుంది. బయట యాంటెన్నా కొనుక్కోమన్నారు. యాంటెన్నా బలహీనమైన సిగ్నల్‌ని మెరుగుపరుస్తుంది, ఆగిపోయిన సెల్‌ని నడిపించలేదు. ఆ సలహా కూడా తిన్నగా ఇచ్చారా అంటే అదీ లేదు, ఒక్క యాంటెన్నా చాలన్నారు. మీరే అమ్మిన రౌటర్ వెనక బయటి యాంటెన్నాలు తగిలించే ఎస్‌ఎంఏ సాకెట్లు రెండున్నాయి. ఒకదానికే తగిలిస్తే రెండు దారుల్లో రావాల్సిన డేటా దాదాపు ఒక్క దారికి కుదించుకుపోతుంది. సెట్టింగ్స్‌లో లోపలి యాంటెన్నా నుంచి బయటిదానికి మార్చే మీట ఒకటి ఉందని కూడా మీ ఏజెంట్‌కి తెలియదు. మీ సరుకు గురించి మీకు నేను పాఠం చెప్పాల్సి రావడం ఏం బాగోలేదు.

ఇక సిమ్ తీసి ఫోన్‌లో వేయమన్న ఘట్టం. "ఫోన్‌లో బాగా వస్తే తప్పు రౌటర్‌ది" అన్నది ఒకరి సిద్ధాంతం. మరో ఏజెంట్ ఏమన్నారంటే, ఈ ప్లాన్ రౌటర్‌కే కట్టిపెట్టినది, సిమ్ ఇంకో పరికరంలో వేస్తే ఐఎంఈఐ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) మారిందని సిస్టమ్ గుర్తిస్తుంది, నిబంధనలు ఉల్లంఘించినట్టు అవుతుంది, సేవ ఆపేయొచ్చు. ఐఎంఈఐలో మొదటి ఎనిమిది అంకెలు చూస్తే అది ఏ మోడలో తెలిసిపోతుందన్నది నిజమే, కాబట్టి ఈ రెండోవారి మాటే నమ్మాల్సివచ్చింది. మొదటివారు మాత్రం "ఫోన్‌లో పరీక్షించడానికి కస్టమర్ నిరాకరించారు" అని రాసి టికెట్ మూసేశారు.

అన్నిటికంటే గొప్పది మీ ధ్రువీకరణ పద్ధతి. ఫిర్యాదు చేయాలంటే రిజిస్టరైన నంబర్ నుంచే కాల్ చేయాలంటుంది మీ ఐవీఆర్, అంటే ఫోన్‌లో మాట్లాడే రికార్డు గొంతు. ఆ నంబర్ రౌటర్‌లో ఉంది. డేటా మాత్రమే నడిచే ప్లాన్, అందులోంచి కాల్ వెళ్లదు. సరే, వేరే నంబర్ నుంచి చేస్తే ఓటీపీ పంపుతారు. అది రౌటర్ సిమ్‌కి వెళుతుంది. రౌటర్ పేజీ తెరిచి, లాగిన్ అయి, ఎస్‌ఎంఎస్ పెట్టె వెతికి అంకెలు చదివేసరికి గడువు అయిపోతుంది. ఇదంతా దాటాక "టెక్నికల్ టీమ్ మీకు కాల్ చేస్తుంది" అంటారు. చేస్తారు కూడా, ఆ మాట తప్పరు. రౌటర్‌కే చేస్తారు. రౌటర్ ఎత్తదు. "మిమ్మల్ని సంప్రదించడానికి ప్రయత్నించాము, మీరు అందుబాటులో లేరు, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అన్న సందేశం కూడా రౌటర్‌కే వస్తుంది. ఒప్పుకోకపోతే తిరిగి ఎస్‌ఎంఎస్ చేయమని దాని కిందే ఉంటుంది. మీరిచ్చిన రౌటర్ పేజీలో సందేశాలు చదివే వీలుంది, జవాబు రాసే వీలు లేదు. వేరే కాంటాక్ట్ నంబర్ రాసుకోమని ప్రతిసారీ బతిమాలాను. "నోట్ చేసుకున్నాం సార్." ఎక్కడ నోట్ చేసుకున్నారో చూపించండి, చూసి సంతోషిస్తాను.

సూపర్వైజర్‌ని అడిగితే ఆయన మీటింగ్‌లో ఉంటారు. ఆయన ఏ మీటింగ్‌లో ఉంటారో గానీ, మీ కంపెనీలో అందరికంటే కష్టపడేది ఆయనే.

మీరు 3జీ డాంగిల్స్ అమ్మిన రోజులనుంచీ నేను మీ కస్టమర్‌ని. ఏ నెలా బిల్లు ఆలస్యం కాలేదు. కేబుల్ వేయడానికి వీల్లేని ఇళ్లకు సిమ్ రౌటరే మేలని, మీ కనెక్షనే తీసుకోమని తెలిసినవాళ్లకు చెప్పింది కూడా నేనే. వాళ్లిప్పుడు ఫోన్ చేసి "మీకూ ఇంతేనా?" అంటుంటే ఏం చెప్పాలో మీ ప్రచార విభాగం వారినే అడిగి చెప్పండి. కొత్త కనెక్షన్ కావాలా అంటూ మీ నుంచి వరసగా కాల్స్ వస్తాయి. ఆ కాల్స్‌కి మాత్రం రౌటర్ నంబర్ కాదు, నా ఫోన్ నంబరే దొరుకుతుంది.

ఇప్పటికైనా నెట్‌వర్క్ విభాగంలో ఎవరో ఒకరు ఆ 1800 సెల్ నడుస్తోందో లేదో చూసి, ఉన్నదున్నట్టు రాతపూర్వకంగా చెప్పండి. పవర్ తగ్గించారా, మరమ్మతులో ఉందా, శాశ్వతంగా తీసేశారా, ఏదైనా సరే. తీసేసివుంటే రౌటర్‌కి వేసిన నెట్‌వర్క్ లాక్ విప్పే కోడ్ ఇవ్వండి, వేరే కంపెనీ సిమ్ వేసుకుంటాను. 20 మెగాహెర్ట్జ్ చూపించి అమ్మి 5 మెగాహెర్ట్జ్‌తో నడిపిన కాలానికి పూర్తి చందా ఎలా వసూలు చేశారో కూడా లెక్క చెప్పాలి. ఇదీ మరో టికెట్‌గా మారి మూతపడితే, టికెట్లన్నీ జతచేసి టెలికాం నియంత్రణ సంస్థకీ, వినియోగదారుల న్యాయస్థానానికీ పంపుతాను. అక్కడ రౌటర్‌ని రీసెట్ చేయమని ఎవరూ అనరనుకుంటాను. మీ ఏజెంట్ల పేర్లు, వాళ్లు చెప్పిన మాటలు తేదీలతో సహా రాసిపెట్టుకున్నాను. పేరుపేరునా వాళ్లమీద చర్య తీసుకోమని అడగను. వాళ్ల ముందున్న తెరమీద టవర్ నంబర్ రాసే గడే లేదని ఒకరు గొంతు తగ్గించి చెప్పారు. ఆ గడి పెట్టనివారు ఎవరో, నాకు కావలసింది వారి జవాబు.

జవాబు ఈమెయిల్‌లో పంపండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్

జతపరిచినవి: రౌటర్ స్టేటస్ పేజీ స్క్రీన్‌షాట్లు (1800 మీద ఉన్నప్పటివి, 850కి మారాక తీసినవి, బ్యాండ్, సెల్ ఐడీ, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ నాలుగూ కనిపించేలా), ల్యాన్ కేబుల్ మీద ఉదయం, సాయంత్రం చేసిన వేగ పరీక్షల ఫలితాలు, రౌటర్ ఎస్‌ఎంఎస్ పెట్టెలోని "పరిష్కరించబడింది" సందేశాలు. లాగ్ జతపరచలేదు, కారణం పైన రాశాను.