బ్యానర్ మీది బొమ్మకూ హక్కుదారు ఉంటారు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో మాకు చిన్న టిఫిన్ సెంటరు ఉంది. ఈ మధ్య పది అడుగుల ఫ్లెక్సీ వేయించగా, ప్రింటింగ్ షాపువారు ఇంటర్నెట్‌లో దొరికిన అరటాకు, ఇడ్లీల బొమ్మను సాగదీసి పెట్టారు. కట్టాక దగ్గరికి వెళ్లి చూస్తే ఆకు అంచులు మెట్లుమెట్లుగా విరిగి ఉన్నాయి, సాంబారు గిన్నె మీద ఆ బొమ్మను అమ్మే సంస్థ వాటర్‌మార్కు లీలగా కనిపిస్తోంది. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ ఫ్లెక్సీని ఆ రోజే దింపించాను.

చుక్కలతో కాక గణిత రేఖలతో గీసే వెక్టర్ బొమ్మను ఎంత పెంచినా గీత చెదరదు. అయితే దాని మీద హక్కు సాధారణంగా గీసినవారిదే. 1957 నాటి కాపీరైట్ చట్టం చిత్రకారుని జీవితకాలమే కాక, మరణానంతరం మరో 60 ఏళ్లు రక్షణ ఇస్తుంది. తెలిసి ఉల్లంఘిస్తే సాధారణంగా 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉంటాయి.

డబ్బు లేక దొంగబొమ్మ వాడవలసిన అగత్యం లేదు. గీసినవారు తమ హక్కులు వదులుకున్నారని తెలిపే సీసీ జీరో గుర్తుతో వదిలిన బొమ్మలను వ్యాపారానికీ వాడుకోవచ్చు. బొమ్మలను ఉచితంగా అందించే వెబ్‌సైటు వికీమీడియా కామన్స్‌లో ఒక్కో బొమ్మకు ఒక్కో షరతు ఉంటుంది కనుక, కింద ఉన్న లైసెన్సును చదవాలి; కొన్నిటికి చిత్రకారుని పేరు కూడా వేయాలి. బొమ్మను దిద్దుకోవడానికి ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

మన ఊరి ఫ్లెక్సీ షాపులవారు ఇలాంటి బొమ్మలను ముందే సేకరించి ఉంచుకోవాలని, పక్కనే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల చేత గీయిస్తే వాడుక హక్కును కాగితం మీద రాయించుకోవాలని కోరుతున్నాను.

– ఒక టిఫిన్ సెంటరు యజమాని, తిరుపతి