ఎర్ర గ్రీజు కొట్టించుకున్న బండ్ల వాళ్ళకి

పాడేరులో మా మెకానిక్ షెడ్డుకి బండ్లు తెచ్చే జీపుల వాళ్ళకి, కాఫీ తోటల వాళ్ళకి ఈ కబురు. దసరా తర్వాత నుంచి సంక్రాంతి దాకా మా దగ్గర గ్రీజింగ్ చేయించుకున్న ప్రతి ఫోర్‌వీల్ బండీ ఒకసారి మళ్ళీ షెడ్డుకి రావాలి. డబ్బులు తీసుకోను. ఆ రోజుల్లో మేం కొట్టిన గ్రీజు, బకెట్ మీద రాసి ఉన్న గ్రీజు కాదు.

ఈ మాట మీకు నా నోటి నుంచి రాకముందే స్టాండులో ఇంకో మాట తిరిగింది. మా కుర్రాళ్ళు నిప్పుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) మీద గన్ పెట్టి తీసేస్తున్నారని, గ్రీజు కొట్టకుండానే డబ్బులు పుచ్చుకుంటున్నారని. అన్నవాళ్ళెవరో నాకు తెలుసు. మా నాన్న కాలం నుంచి ఈ షెడ్డులో ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌కి, అంటే ఇంజిన్ తిప్పుడుని యాక్సిల్‌కి అందించే రాడ్డు చివర ఉండే నాలుగు కాళ్ళ కీలుకి, గ్రీజు కొడితే కాళ్ళకి తొడిగిన నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు బయటికి కనపడేదాకా గన్ తియ్యం. మూడు కప్పుల్లో వచ్చి నాలుగోది మొరాయిస్తే షాఫ్ట్ తిప్పి, యోక్‌ని (క్రాస్‌ని పట్టుకునే కొమ్ముని) అటూ ఇటూ కదిపి మళ్ళీ కొడతాం. అది చూసిన మనిషే ఆ మాట అన్నాడు. సరే.

అసలు జరిగింది ఇది. వంజంగి కొండకి టూరిస్టులని తీసుకెళ్ళే కమాండర్ జీపు ఒకటి, ఫస్ట్ గేరు వేసినప్పుడల్లా కింద టంగుమని కొడుతోందని వచ్చింది. గ్రీజింగ్ చేసి ఎంతో కాలం కాలేదు. కిందికి వెళ్ళి చూస్తే వెనక క్రాస్ కప్పుల చుట్టూ తుప్పు రంగు పొడి, పైన బాడీకి షాఫ్ట్ తిరిగే వరసలో జిడ్డు గీత. కప్పు లాగి చూస్తే లోపల నీడిల్ రోలర్లు (సూదుల్లాంటి సన్న బేరింగులు) పొడిగా ఉన్నాయి, క్రాస్ కాళ్ళ మీద రోలర్లు కొరికిన గాట్లు. గ్రీజులో ఉన్న నూనె విడిపోయి బయటికి చిమ్మేసింది. అదే వారం ఒక ఎంఎం 540 జీపు ఘాట్ దిగేసరికి ముందు హబ్‌లో, అంటే చక్రం బేరింగులు ఉండే గూడులో, గ్రీజు కరిగి సీలు దాటి బ్రేక్ డ్రమ్ములోకి వచ్చింది. ఆ డ్రైవరు నిదానస్తుడు, చిన్న గేరులో ఇంజిన్ బ్రేక్ మీద దిగుతాడు కాబట్టి సరిపోయింది.

అప్పుడు బకెట్ మూత తీసి చూశాను. ఏ గ్రీజు మీదైనా కాస్త నూనె తేలడం మామూలే, కలిపేస్తే సరిపోతుంది. ఇందులో వేలు మునిగేంత తేలింది. పాత డబ్బాలో అడుగున మిగిలిన గ్రీజు ఒక ముద్ద, ఇది ఒక ముద్ద తీసి రేకు మీద పక్కపక్కన పెట్టి స్టవ్ వెలిగించాను. మంచి లిథియం గ్రీజు 180 డిగ్రీలు దాటేదాకా ముద్దగానే నిలబడుతుంది. చవక రకం కాల్షియం గ్రీజు 100 దగ్గరే కట్టు తప్పుతుంది. మా కొత్త బకెట్‌ది, పాతది ఇంకా చెక్కుచెదరకుండా ఉండగానే, వెన్నలా కరిగి రేకు అంచుకి పారింది. రంగు మాత్రం రెండిటిదీ ఒకే ఎరుపు. గ్రీజు రంగంటే కలిపిన రంగే, దాన్ని బట్టి లోపల ఏముందో చెప్పలేం. ఇది తెలిసి కూడా బకెట్ సీలు చూసి నమ్మాను, ఎందుకంటే విశాఖ నుంచి మాకు సరుకు పంపే డీలరుతో మాది నా పెళ్ళికి ముందు నాటి పరిచయం.

ఆయనకి ఫోన్ చేశాను. "గ్రీజు గ్రీజే కదా అన్నా, మీ కుర్రాళ్ళు నీళ్ళు తగలనిచ్చారేమో" అన్నాడు. నేను రేకు ఫొటో పంపాను. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆయన గుమస్తా ఎత్తి, కావాలంటే వచ్చే లోడులో ఒక బకెట్ తగ్గించి బిల్లు వేస్తామన్నాడు. ఒక బకెట్! నా కస్టమరు బ్రేక్ డ్రమ్ములోకి పోయిన దానికి ఆయన కట్టిన విలువ అది. పంపిన సరుకు నకిలీ అని ఆయనకి ముందే తెలుసో, ఆయన్నీ పైవాడెవడో ముంచాడో నాకు అనవసరం. మాట్లాడిన తీరుకే ఖాతా మూసేశాను. మిగిలిన బకెట్లు షెడ్డులో తాళం వేసి ఉంచాను, తిరిగి పంపితే మళ్ళీ ఇంకొక షెడ్డుకి వెళ్తాయి కాబట్టి.

ఇక అన్నిటికన్నా నన్ను నలిపేసింది క్రాసుల సంగతి. మా అబ్బాయి చెప్పింది సులువు దారి: "ఎవరికీ చెప్పక్కర్లేదు నాన్నా, ఈసారి వచ్చినప్పుడు మంచిది కొడితే పాతది అదే బయటికి వచ్చేస్తుంది." షాఫ్ట్ లోపలికీ బయటికీ జరిగే స్లిప్ జాయింటుకి అది సరిపోవచ్చు. క్రాస్‌కి అంత నమ్మకం లేదు. ఏ సబ్బుతో (గ్రీజులో నూనెని పట్టి ఉంచే పదార్థం) చేసిందో తెలియని గ్రీజు మీద లిథియం కొడితే రెండూ కలిసి ఇంకా పలచబడొచ్చు, లేదా గట్టిపడొచ్చు. పోనీ అన్నీ విప్పేద్దామా అంటే, వెనక షాఫ్ట్‌కి రెండు, ముందు షాఫ్ట్‌కి రెండు క్రాసులు, అంటే పదహారు కప్పులు. సర్‌క్లిప్పులు (కప్పులు జారకుండా పట్టే రింగులు) తీసి, కప్పులు బయటికి కొట్టి, రోలర్లు రాలకుండా కడిగి మళ్ళీ ఎక్కించాలి. బాగున్న క్రాస్‌ని విప్పడం వల్లే పాడు చేసిన మెకానిక్కులని చూశాను. బండి ఒక రోజు పడుకుంటే సీజన్‌లో మీకు కిరాయి పోతుంది. నాకు క్రాసుల ఖర్చు. ఇంట్లో లెక్కలు రాసే మనిషి కాగితం నా ముందు పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

చివరికి ఇలా తేల్చుకున్నాను. మొదట హబ్బులు: ఆ నెలల్లో మేం ప్యాక్ చేసిన ప్రతి హబ్బూ విప్పుతాం, కిరోసిన్‌తో కడిగి కొత్తగా ప్యాక్ చేస్తాం. ఇందులో బేరం లేదు, ఘాట్ దిగే బండ్లు ఈ వారంలోనే రండి. క్రాసులకి నీలం రంగు లిథియం కాంప్లెక్స్ కొడతాం, నాలుగు కప్పుల్లోనూ ఎరుపు పోయి శుభ్రమైన నీలం వచ్చేదాకా. నీలం ఎంచుకున్నది అందుకే, ఏది వచ్చిందో మీ కంటికే తెలుస్తుంది. రెండు వారాల తర్వాత మరోసారి కొట్టించుకోండి. ఏ కప్పులోనైనా రాకపోయినా, చేత్తో తిప్పితే ఆట (వదులు) ఉన్నా ఆ క్రాస్ విప్పి కొత్తది వేస్తాం, నా ఖర్చుతో. షాఫ్ట్ దింపే ముందు గుర్తులు గీసి, అదే వరసలో ఎక్కిస్తాం. జిప్సీల వాళ్ళు ముందు చక్రాల దగ్గర నకుల్‌లో (చక్రం పక్కకి తిరిగే కీలు గూడులో) మేం గ్రీజు నింపామో లేదో పాత బిల్లు చూసి చెప్పండి. థార్ ముందు యాక్సిల్‌కి భయం లేదు, రబ్బరు బూటు లోపల ఉన్నది కంపెనీ గ్రీజే, మేం ముట్టుకోలేదు.

స్లిప్ జాయింటుకి మాత్రం పొంగేదాకా కొట్టమని అడగొద్దు. నిండా కూరితే గుంటలో బండి దిగినప్పుడు షాఫ్ట్ లోపలికి జరగలేక గేర్‌బాక్స్ మీద నెడుతుంది. గన్ కొన్ని పట్లు నొక్కితే చాలు. గాలితో కొట్టే గన్ కొనమని కుర్రవాళ్ళు అడుగుతున్నారు, కొనను. చేతి గన్‌లో సీలు ఎక్కడ బిగుస్తోందో చేతికి తెలుస్తుంది.

ఇక నుంచి పెద్ద బకెట్లు ఆపేశాను. కిలో డబ్బా సీలు మీ ఎదురుగా తీస్తాం. దీనివల్ల గ్రీజింగ్ చార్జీ 200 నుంచి 260 అవుతోంది. ఎక్కువే, తెలుసు. వాగులో దిగి వచ్చిన బండికి వెంటనే కొట్టించుకోవాలన్న పాత మాటలో మార్పు లేదు, దానికి చార్జీ సగమే. విప్పిన క్రాసులు గల్లాపెట్టె పక్కన ట్రేలో ఉంచాను. స్టాండులో ఆ మాట అన్న ఆయన కూడా వచ్చి చూసుకోవచ్చు. ఆయన బండి హబ్బులూ ఆ నెలల్లోనే చేశాం, ఆయనకీ డబ్బులు అడగను.