స్వాతికి అమ్మ రాసేది

చిరంజీవి స్వాతికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. పెరట్లో మామిడి బాగా పూసింది. నాన్నకి షుగరు అదుపులోనే ఉంది, టెన్షన్ పడకు. సంక్రాంతికి వచ్చి వెళ్లాక నీ గొంతు సరిగ్గా వినలేదు. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజ్ పెడతావు. పద్మత్త కూతురు నిన్ను ఆ సినిమా వాళ్లుండే కృష్ణానగర్‌లో చూసిందట, బుధవారం మిట్టమధ్యాహ్నం. "ఆఫీసు ఉండే రోజు కదా వదినా" అంది అత్త. ఏదో పనుండి వెళ్లి ఉంటుందిలే అన్నాను. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

నువ్వు నాన్నకి పంపిన లాగ్‌లైన్, అదే, సినిమా కథంతా ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేది, చదివాను. "కలలకీ బాధ్యతలకీ మధ్య నలిగిపోయే ఒక మధ్యతరగతి అమ్మాయి భావోద్వేగ ప్రయాణం." ఇది మన బుజ్జి కథ కూడా కావచ్చు, నా కథ కూడా కావచ్చు. సంక్రాంతికి మేడ మీద కూర్చుని నువ్వు చెప్పిన కథ ఇందులో ఎక్కడుంది? ఆ రాత్రి అన్నం కలిపిన చెయ్యి అలాగే పెట్టుకుని విన్నాను కదే.

మా పెద్దమావయ్య టూరింగ్ టాకీస్ బయట పాటల పుస్తకాలు అమ్మేవాడని నీకు తెలుసు. ఆ పుస్తకాల్లో ముందు కథాసంగ్రహం ఉండేది. సరిగ్గా ముడి పడే చోట ఆపేసి "శేషం వెండితెరపై చూడండి" అని వేసేవాళ్లు. పక్కన ఇంకో ఆయన అవే పుస్తకాలు పెట్టుకుని "ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున" అని అరిచేవాడు. మావయ్య పేర్లు చెప్పేవాడు కాదు. 'మిస్సమ్మ' 1955 నాటి సినిమా, మా ఊరికి మళ్లీ మళ్లీ వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆయన ఒకటే మాట: "భార్యాభర్తలైతేనే ఉద్యోగమట! అప్పు తీర్చాల్సిన క్రైస్తవుల పిల్లా, పనిలేని హిందూ కుర్రాడూ పెళ్లి కాకుండానే కాపురం పెట్టారు. ఒకరంటే ఒకరికి పడదు. జమీందారుకి తెలిస్తే?" అంతే, నోరు మూసుకునేవాడు. సంచులు పట్టుకుని బజారుకెళ్లే ఆడవాళ్లు ఆగిపోయేవాళ్లు. తర్వాతేమైంది అన్నయ్యా అంటే టికెట్ల గది వైపు చూపించేవాడు. మా అమ్మమ్మ ఒకసారి కూరల డబ్బులతో లోపలికెళ్లిపోయింది. ఆ రాత్రి ఇంట్లో అందరికీ చారన్నమే.

ఆ మాటలో ఏమున్నాయో చూడు. ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డం, దొరికిపోతే ఏం పోతుంది. పేర్లు లేవు, మనుషుల స్థితి ఉంది. 'ఈగ' సినిమా చూడు, చచ్చిపోయినవాడు ఈగగా పుడతాడు. చంపినవాడి మీద పగ తీర్చుకోవాలి, తను ప్రేమించిన అమ్మాయిని వాడి నుంచి కాపాడుకోవాలి, ఉన్నదేమో ఈగ ఒళ్లు. అంత పెద్ద పనికి అంత చిన్న ప్రాణి అనగానే చూడాలనిపిస్తుంది.

నీ కథకి నేనిలా రాశాను: "చీటీలు నడిపిన తండ్రి చనిపోయాక లెక్కలో ఆరు లక్షలు లేవని తెలుసుకున్న కూతురు, తన పెళ్లి ముహూర్తంలోపు ఎవరికీ తెలియకుండా ఆ సొమ్ము కూడబెట్టాలి, అందరికంటే ముందు డబ్బు అడిగేది ఆమెకు కాబోయే మామగారే." ఇంకా కుదించు, నువ్వు నాకంటే బాగా రాస్తావు. చివర్లో ఏమవుతుందో మాత్రం చెప్పకు. సందేశాత్మకం, హృదయాన్ని తాకే లాంటి మాటలు తీసెయ్. తాకిందో లేదో వినేవాళ్లు చెప్పాలి. చెల్లెలి ప్రేమ గొడవ సినిమాలో ఉండనీ, లైనులోకి తేకు. ఇంత చెప్పినా రెండు వాక్యాల్లో పట్టలేదంటే కథలోనే ఆ అమ్మాయికి ఏం కావాలో నువ్వింకా తేల్చుకోలేదన్నమాట. అప్పుడు లైను చెక్కుతూ కూర్చోకుండా కథ దగ్గరికి వెళ్లు.

ఎవరికి పడితే వాళ్లకి చెప్పకు. ఐడియాకి కాపీరైట్ ఉండదని 1978లోనే సుప్రీంకోర్టు చెప్పిందట, ఆర్.జి. ఆనంద్ కేసులో. రాసుకున్న తీరుకే రక్షణ అని సూర్యం బాబాయి గట్టిగా చెప్పమన్నాడు. అందుకని స్క్రిప్టు పూర్తిగా రాసి, రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించి, అప్పుడు వెళ్లు. కథ వినేవాళ్ల దగ్గరికి సాయంత్రాలు ఒంటరిగా వెళ్లకు, నీ రూమ్మేట్‌ని తీసుకెళ్లు. పొద్దున ఏమైనా తిని వెళ్లు, టీ తాగి ఊరుకోకు. సంక్రాంతికే నీ మెడ ఎముకలు కనపడ్డాయి.

ఉద్యోగం మానేశావా స్వాతీ? మానేస్తే మానేశానని చెప్పు. నాన్నకి నేను చెప్పుకుంటాను. ఇంటి అద్దె ఎలా కడుతున్నావో, ఆ పసుపు రంగు కమ్మలు ఇంకా నీ దగ్గరే ఉన్నాయో లేదో, అదీ చెప్పు. అత్త నోటి నుంచి వినడం నాకు కష్టంగా ఉంది.

శుక్రవారం బస్సు పార్సిల్లో సున్నుండలు, కందిపొడి, చిన్న స్టీలు డబ్బాలో నెయ్యి పంపిస్తున్నా. డబ్బా నిలబెట్టే ఉంచు, మూత కొంచెం వదులు. నీ రూమ్మేట్‌కి కూడా పెట్టు. ఆ రోజు ఆఫీసు లేకపోతే పొద్దున్నే వెళ్లి తెచ్చుకో, ఎండలో వద్దు.

మీ అమ్మ