అమ్మలూ, ఆ బైనాక్యులర్ సంగతి

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు కాస్త నయం. పండుగాడు మళ్లీ గోడ దూకి కాలు బెణికించుకున్నాడు. మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. పనిలో ఉండి ఉంటావులే.

బాబాయి మొన్న వచ్చి, నిన్ను అమీన్‌పూర్ చెరువు గట్టు మీద పొద్దున ఆరింటికే చూశానన్నాడు. మెడలో పెద్ద బైనాక్యులర్ ఉందట. పక్కన ఇంకెవరో కూడా ఉన్నారట. నేను రాసేది ఆ సంగతి కాదు. బైనాక్యులర్ నీది కాదని మాత్రం నాకు తెలుసు. చెప్పులు కొన్నా అమ్మకి ఫోటో పెట్టేదానివి, ఇది పెట్టకుండా ఉంటావా? ఎరువు సొమ్ము బరువు చేటని నాయనమ్మ ఊరికే అనేది కాదు. పదివేలు నీ అకౌంట్లో వేశాను, సొంతది కొనుక్కో.

కొనేటప్పుడు 8x42 అడుగు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 10x వద్దు, చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది, ఆకుల్లో పిట్టని వెతికి పట్టుకునేసరికి అది ఎగిరిపోతుంది. జేబులో పట్టే 10x25 అసలే వద్దు, తెల్లవారుజామున మసకగా ఉంటుంది. నువ్వు వెళ్లేది ఆ వేళకేగా, అదీ చెప్పకుండా.

జూమ్ ఉన్నవి, ఎర్రటి అద్దాలవి ముట్టుకోకు. నీకు ఏడేళ్లప్పుడు గుంటూరు ఎగ్జిబిషన్‌లో నేను కొన్నది గుర్తుందా? అద్దాలు రక్తంలా మెరుస్తున్నాయి, పక్కన ఒక మీట. "అమరావతి గోపురం ఇక్కణ్ణించే కనిపిస్తుంది సార్" అన్నాడు అమ్మేవాడు. మర్నాడు స్కూటర్ మీద ఉప్పలపాడు వెళ్లాం. నువ్వు చూసి, "నాన్నా, రెండు గూడబాతులు!" అన్నావు. నేనూ చూశాను, రెండే. తీసి చూస్తే ఒకటే ఉంది. రెండు గొట్టాలూ చెరోవైపు చూస్తున్నాయి మరి. తెల్లకొంగలకి కూడా ఆకుపచ్చ ఛాయ. అయినా డబ్బు పోసి కొన్నానని మధ్యాహ్నం దాకా మొండిగా చూస్తూ, నీకూ చూపిస్తూ కూర్చున్నాను. చెరువు దగ్గరి ముసలాయన చివరికి, "ఉత్త కళ్లతో చూడండి బాబూ, పిట్టలు ఆ చెట్టు మీదేగా" అన్నాడు. ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ తలనొప్పి. ఏడాది తిరక్కుండా నీకు కళ్లద్దాలొచ్చాయి. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పినా మీ అమ్మ ఇప్పటికీ నమ్మదు.

అందుకే షాపులో పెట్టుకుని చూడందే కొనకు. దూరంగా ఉన్న ఏదైనా బోర్డు చూడు, బొమ్మ ఒకటే కనపడాలి, కన్ను గుంజకూడదు. కళ్లద్దాలున్నాయి కాబట్టి 'ఐ రిలీఫ్', అంటే బొమ్మ మొత్తం కనపడేలా అద్దానికీ కంటికీ మధ్య ఉండే ఎడం, కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. నికాన్ అక్యులాన్ మంచిదేనంటారు గానీ 8x42లో అది పన్నెండే, నీకు చాలదు. కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి దించి చూడాలి. ముందు నడిమి చక్రంతో ఎడమ కంటికి సరిచేసుకుని, తర్వాత కుడికంటి రింగు తిప్పు. ఇదంతా నీకు ఈపాటికి ఎవరో నేర్పే ఉంటారు.

వంకర గొట్టాల పాతరకమైతే అదే ధరకి బొమ్మ తేటగా ఉంటుంది. కాకపోతే ముప్పావు కిలో బరువు, వెడల్పు పట్టీ వేయించు, మెడ నొప్పంటావు మళ్లీ. వానల్లో తడిస్తే ఆరబెట్టాకే సంచిలో పెట్టు, అద్దాలకి బూజు పడుతుంది. స్వెట్టర్ వేసుకో. ఏమైనా తిని వెళ్లు. చీకట్లో చెరువు గట్టు మీద పాములుంటాయి, బూట్లు వేసుకో. ఒంటరిగా వెళ్లకు. ఒంటరిగా వెళ్లట్లేదనుకో, అదీ ఒక టెన్షనే.

సంక్రాంతికి వస్తావుగా, ఉప్పలపాడు వెళ్దాం. ఆ ఎరువుది ఎవరిదో వాళ్లకి ఇచ్చేసెయ్. లేదా అప్పటిదాకా ఉంచు. మనిద్దరికీ ఒక్కటి చాలదు. దాని మనిషినే తెచ్చుకోమను.

మీ నాన్న