సైకిళ్లను ఆపడం కాదు, బండ్లు నెమ్మదించాలి: తల్లిదండ్రులకు డిసెంబరు నెల లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన మంగళవారం సాయంత్రం బడి ముందు రోడ్డు మీద మన తొమ్మిదో తరగతి అమ్మాయి సైకిల్‌కి స్కూటీ తగిలిన సంగతి మీకందరికీ తెలుసు. మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోయాయి. ఎక్స్‌రే తీయించాం, ఎముకలకేం కాలేదు. బుధవారం ఒక్కరోజు ఇంట్లో ఉండి, గురువారం పరీక్షకి వచ్చేసింది. లారీ గుద్దిందనీ, కాలు విరిగిందనీ ఊళ్లో చెప్పుకుంటున్న మాటల్లో నిజం లేదు.

అప్పట్నుంచి రోజూ ఎవరో ఒకరు ఆఫీసుకొస్తున్నారు. అందరిదీ ఒకటే మాట: "సైకిళ్లు ఆపించెయ్యండి మేడమ్ గారూ, రోడ్డు బండ్లకేనండి." ఒకాయనైతే పిల్లల్ని కాలువ గట్టు మీదుగా రమ్మనమన్నారు. మీ భయం నాకు అర్థమవుతుంది. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. అయినా సైకిల్ మీద రావద్దని నేను ఏ పిల్లకీ చెప్పను.

ఆ సమయానికి నేను గేటు దగ్గరే ఉన్నాను. సార్వా వరి కోతలు కదా, రోడ్డుకి ఎడమవైపు సగం దాకా ధాన్యం ఆరబోసి, అంచుల్లో రాళ్లు పెట్టారు. పక్కగా వెళ్లాల్సిన పిల్ల ధాన్యాన్ని దాటడానికి మధ్యకి రావాల్సి వచ్చింది. వచ్చేముందు వెనక్కి తిరిగి చూసింది, కుడి చెయ్యి చాపింది. మా పీఈటీ సార్ నేర్పింది నేర్పినట్టే చేసింది. వెనక నుంచి ముగ్గురు ఎక్కిన స్కూటీ హారన్ కొట్టుకుంటూ వచ్చిందే గానీ నెమ్మదించలేదు. హ్యాండిల్‌కి హ్యాండిల్ తగిలింది. ఆ అమ్మాయి లేచి, మోచేతి నుంచి రక్తం కారుతున్నా, ముందు ధాన్యంలో పడిపోయిన జామెట్రీ బాక్సు సామాను ఏరుకుంది. వృత్తలేఖిని దొరికింది, స్కేలు దొరికింది, కోణమానిని దొరకలేదు. అప్పుడు ఏడ్చింది, "ఎల్లుండి లెక్కల పరీక్ష మేడమ్" అని.

స్కూటీ నడిపింది కూడా మన బడి కుర్రాడే, పదో తరగతి. పేరు రాయను. వాళ్లింటికి వెళ్లి మాట్లాడొచ్చాను, వాడు చాలా బాధపడుతున్నాడు. అయితే ఆ తాళం వాడంతట వాడు తీసుకోలేదు. పాలకేంద్రానికి వెళ్లిరమ్మని, చెల్లిని ట్యూషన్లో దింపమని మనమే ఇస్తున్నాం. దయచేసి ఇది చదవండి: పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు మన ఇళ్లల్లో ఉన్న పెట్రోలు బండ్లు నడపకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లవాడికి పాతికేళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. సైకిల్‌కి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. ప్రమాదం తెచ్చేది మోటారు కాబట్టి చట్టం అనుమతి తెచ్చుకోమన్నది దానికే. అలాంటప్పుడు మన రోడ్డు మీంచి పొమ్మనాల్సింది సైకిల్‌నా?

మూడు ఊళ్ల ఆడపిల్లలు మన బడికి సైకిళ్ల మీదే వస్తున్నారు. వాళ్లకి ఆ సైకిలే ఆర్టీసీ బస్సు, అదే ఆటో. మా నాన్న ఎనిమిదో తరగతిలో నాకు సెకండ్ హ్యాండ్ లేడీస్ సైకిల్ కొనకపోతే నేను హైస్కూలు దాటేదాన్ని కాదు, ఈ ఉత్తరం రాసేదాన్నీ కాదు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. ఆ పథకం మీద పరిశోధన చేసిన ఆర్థికవేత్తలు హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని తేల్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో సర్కారు బడుల అమ్మాయిలకి సైకిళ్లిచ్చారు. నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదే నాలుగొందల మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చచ్చిపోతే, అక్కడి తల్లిదండ్రులు పిల్లల సైకిళ్లు అటకెక్కించలేదు. "పిల్లల హత్యలు ఆపండి" అని రోడ్డెక్కారు. ఈరోజు ఆ దేశంలో సైకిల్ తొక్కుతూ బడికెళ్లడం మామూలు విషయం. బండ్లు మరీ వేగంగా వెళ్లేచోట సైకిళ్లకి దారి వేరుగా ఉండాల్సిందే, కాదనను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో పైన సోలార్ పలకలు కప్పి 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. మనది ఔటర్ రింగ్ రోడ్డు కాదు. ఇళ్లు, బడి, రామాలయం, చెరువు గట్టు ఉన్న ఊరి రోడ్డు. ఇక్కడ వేగం తగ్గాలి గానీ పిల్లలు తప్పుకోకూడదు. కాలువ గట్టంటారా? పక్కన గోడ లేదు, నీళ్ల నిండా గుర్రపుడెక్క, పిల్ల పడితే కేక వినే మనిషుండడు. ఆ దారిన నేను పంపను.

ఈ గొడవలో మన తొమ్మిదో తరగతి పిల్లలు చేసిన పని చూసి నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. గేటు ముందు టేపుతో యాభై మీటర్లు కొలిచి, సుద్దతో గీతలు గీసి, సైన్స్ సార్ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నారు. యాభై మీటర్లు మూడు సెకన్లలో దాటితే గంటకి 60 కిలోమీటర్ల వేగం. అంతకంటే వేగంగా వెళ్లిన బండ్లు నోట్‌బుక్కులో ఒక పేజీ నిండాయి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలని, గతిశక్తి పాఠం తీసుకుని, పంచాయతీ ఆఫీసులో బోర్డు మీద రాసి మరీ చెప్పింది ఓ అమ్మాయి. ఎవరనుకున్నారు? మోచేతికి కట్టుతో వచ్చిన పిల్లే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, నూటికి డెబ్బై మందికి పైగా అతివేగం వల్లేనని కేంద్రం లెక్క కూడా వాళ్లే వెతికి జత చేశారు. స్పీడ్ బ్రేకర్ల కోసం అర్జీ వెళ్లింది.

చేపల లారీల నుంచి కారే నీళ్ల మీద సైకిళ్లు జారుతున్నాయి, దాని గురించీ అర్జీలో రాశాం. ధాన్యం ఆరబోసుకునే రైతులూ మీలోనివారే. బడి గేటుకి అటు వంద మీటర్లు, ఇటు వంద మీటర్లు వదిలెయ్యమని బతిమాలుతున్నాను.

మిగతావి: సమ్మేటివ్ పేపర్లు సోమవారం ఇస్తాం, సంతకం చేసి పంపండి. పదో తరగతి ఫీజు ఇంకా కట్టనివాళ్లు వెంటనే కట్టండి. రెండో శనివారం సెలవు.

మరొకటి చెప్పక తప్పదు. అరకిలోమీటరు దూరంలో ఉన్నవాళ్లు కూడా పిల్లల్ని బండి మీద, ముందొకరిని వెనక ఇద్దరిని ఎక్కించుకుని, హెల్మెట్ లేకుండా సరిగ్గా గేటుకి అడ్డంగా దింపుతున్నారు. మీ ప్రేమ నాకు తెలుసు. కానీ బెల్లు కొట్టే వేళకి అక్కడ ఇరుకు చేస్తున్నది ఆ బండ్లే. నడిచొస్తే పిల్లల కాళ్లకేం కాదు. ఫోన్ మాట్లాడుతూ బండి నడిపే నాన్నగారు ఒకరున్నారు, వారి అమ్మాయే నాకు చెప్పి బాధపడింది.

సోమవారం నుంచి సాయంత్రం ముందు సైకిళ్లు వెళ్తాయి. అవన్నీ వెళ్లాక పది నిమిషాలకి గేటు రెండో రెక్క తెరుస్తాం. అప్పటిదాకా బండ్లు రావిచెట్టు దగ్గరే ఆగాలి, నేనే అక్కడ నిలబడతాను. సైకిల్‌కి బెల్లు, రెండు బ్రేకులు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉన్నాయో లేదో ఈ ఆదివారం చూడండి. లేనివాళ్లకి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు ఆఫీసులో ఉన్నాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు